పోటీల్లో దిగిన చిన్న వయసు ఫిగర్ స్కేటర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు ఎక్కువగా అడిగేది తల్లిదండ్రులు. ఆ తర్వాత ఒలింపిక్స్ చూసి ఈ ఆట మీద ఇష్టం పెంచుకున్నవాళ్లు. అప్పుడప్పుడు స్కేటర్లు కూడా. జవాబులు ముఖ్యంగా సింగిల్స్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఏ వయసుకు ఏ జంప్ వచ్చిందన్న లెక్కతో పిల్లల భవిష్యత్తు తేల్చేయడం నాకు నచ్చదు. ఆ పక్షపాతం చాలా జవాబుల్లో కనిపిస్తుంది, ముందే చెబుతున్నాను.

పాపకు పదేళ్లు నిండాయి. ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యమా?

పెద్ద పోటీల దాకా వెళ్లినవాళ్లలో చాలామంది నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య ఐస్ ఎక్కినవాళ్లే. ఆ వయసులో పడటమంటే భయం ఉండదు, పడినా పెద్ద దెబ్బ తగలదు. అలాగని పదేళ్లకు దారి మూసుకుపోదు. అమెరికాకు చెందిన జానీ వీర్ 11, 12 ఏళ్ల ప్రాయంలో మొదలుపెట్టి, 2004 నుంచి వరుసగా మూడేళ్లు జాతీయ ఛాంపియన్‌గా నిలిచాడు. 2008 ప్రపంచ పోటీల్లో కాంస్యం కూడా తెచ్చుకున్నాడు. అందరికీ అలా జరుగుతుందని కాదు. కానీ పదేళ్ల పిల్ల చెప్పింది అర్థం చేసుకుంటుంది, తప్పు ఎక్కడ జరిగిందో తానే పట్టుకుంటుంది. ఆరేళ్ల పిల్లకు అది కష్టం.

మొదలుపెట్టాక కొన్నాళ్లపాటు "ఏ జంప్ నేర్చుకుంటోంది?" అని అడగకండి. బ్లేడ్ మందం సుమారు 4 మిల్లీమీటర్లు. దాని అడుగున సన్నటి గాడి, గాడికి రెండు వైపులా రెండు అంచులు ఉంటాయి. కాలి లోపలి వైపుది ఇన్‌సైడ్ ఎడ్జ్, బయటి వైపుది అవుట్‌సైడ్ ఎడ్జ్. ముందుకీ వెనక్కీ, కుడి కాలి మీదా ఎడమ కాలి మీదా, ఏ ఎడ్జ్ మీద నిలబడాలనుకుంటే దాని మీద నిలబడగలగడమే అసలు చదువు. ఆ పునాది లేకుండా వచ్చిన జంప్‌లు తర్వాత ఏడిపిస్తాయి.

రోజుకు ఎన్ని గంటలు సాధన చేయాలి?

పోటీల్లో ఉన్న టీనేజ్ స్కేటర్ మామూలుగా వారానికి ఐదారు రోజులు, రోజుకు రెండు నుంచి నాలుగు గంటలు ఐస్ మీద ఉంటుంది. అదీ ఒకే విడతలో కాదు, ముక్కలు ముక్కలుగా. దీనికి తోడు నేల మీద చేసే పని: వార్మప్, బూట్లు లేకుండా గాలిలో తిరగడం, బ్యాలే, కండబలం కోసం వ్యాయామం, స్ట్రెచింగ్. రింక్‌లో హాకీ జట్లకూ మామూలు జనానికీ ఇవ్వగా మిగిలిన వేళలే స్కేటర్లకు దక్కుతాయి కాబట్టి చాలామందికి రోజు తెల్లవారకముందే మొదలవుతుంది.

గంటల కంటే ఆ గంటల్లో ఏం జరుగుతోందన్నది చూడండి. 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉన్న రింక్‌లో పదిమందికి పైగా స్కేటర్లు ఎవరి పని వాళ్లు చేసుకుంటుంటారు. ఎవరి సంగీతం మోగుతోందో వాళ్లకు మిగతావాళ్లు దారి ఇవ్వాలి. సంగీతానికి కట్టిన ప్రోగ్రామ్‌లో మొదటి నిమిషం అంతా బాగానే ఉంటుంది. మూడో నిమిషానికి కాళ్లు బరువెక్కుతాయి, మోకాలు వంగాల్సినంత వంగదు, చివరి ట్రిపుల్, అంటే మూడు చుట్ల జంప్, కాస్తా డబుల్ అయిపోతుంది. కొందరు పిల్లలు అక్కడే ఆగి, నడుం మీద చేతులు వేసుకుని కోచ్ వైపు చూస్తారు. మంచి కోచ్ సంగీతం ఆపరు. చివరి స్పిన్ దాకా లాక్కురావాల్సిందే. విడివిడిగా జంప్‌లు రోజంతా చేసి, ప్రోగ్రామ్ మొత్తం చేయమంటే తప్పించుకునే పిల్లలు ప్రతి రింక్‌లోనూ ఉంటారు. పోటీ రోజున తేడా తెలిసిపోతుంది.

ఈ జంప్‌లన్నీ నాకు ఒకేలా కనిపిస్తున్నాయి. ఎలా గుర్తుపట్టాలి?

మొత్తం ఆరు రకాలు. టో లూప్, ఫ్లిప్, లట్జ్ జంప్‌లకు బ్లేడ్ ముందున్న పళ్లను, అంటే టో పిక్‌ను, ఐస్‌లో గుచ్చి లేస్తారు. సాల్కో, లూప్, యాక్సెల్‌లకు గుచ్చడం ఉండదు, ఎడ్జ్ మీద నుంచే లేస్తారు. ముందుకు చూస్తూ లేచేది యాక్సెల్ ఒక్కటే, కాబట్టి ముందు దాన్ని పట్టుకోండి. దిగడం మాత్రం అన్నిట్లాగే వెనక్కి కాబట్టి యాక్సెల్‌లో అర చుట్టు ఎక్కువ. ట్రిపుల్ యాక్సెల్ అంటే మూడున్నర చుట్లు.

ఫ్లిప్‌కీ లట్జ్‌కీ తేడా చెప్పడమే కష్టం. గుచ్చే ముందు రెండో కాలు ఇన్‌సైడ్ ఎడ్జ్ మీద ఉంటే ఫ్లిప్, అవుట్‌సైడ్ ఎడ్జ్ మీద ఉంటే లట్జ్. లట్జ్‌లో కాలు ఒక వంపులో పోతుంటే ఒళ్లు దానికి ఎదురు దిశలో తిరగాలి, అందుకే అది కష్టం. చాలామంది పిల్లలు ఆఖరి క్షణంలో ఎడ్జ్ మార్చేస్తారు. స్కేటింగ్ లోకంలో దాన్ని వెక్కిరింపుగా "ఫ్లట్జ్" అంటారు. పన్నెండేళ్లకు పట్టించుకోని ఫ్లట్జ్‌ను పదిహేడేళ్లకు దిద్దాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

పేర్ల సంగతికొస్తే, యాక్సెల్ జంప్‌కు ఆ పేరు నార్వేకు చెందిన యాక్సెల్ పాల్సెన్ వల్ల వచ్చింది. 1882లో వియన్నాలో అతను దాన్ని చేసి చూపించాడు. సాల్కో పదిసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన స్వీడన్ స్కేటర్ ఉల్రిచ్ సాల్కో పేరు. నాలుగున్నర చుట్ల క్వాడ్ యాక్సెల్‌ను పోటీలో తొలిసారి శుభ్రంగా దింపింది అమెరికాకు చెందిన ఇలియా మలినిన్. 2022 సెప్టెంబర్‌లో, లేక్ ప్లాసిడ్‌లో. అప్పుడు అతని వయసు 17.

మార్కులు ఎలా వేస్తారు? పడిపోయిన అమ్మాయికి ఎక్కువ, పడని అమ్మాయికి తక్కువ ఎందుకు వస్తాయి?

పాత 6.0 పద్ధతి ఇప్పుడు లేదు. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో పెయిర్స్ తీర్పు మీద పెద్ద గొడవ జరిగి, చివరికి రెండు జంటలకు స్వర్ణం ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్, అంటే ఐఎస్‌యూ, 2004లో ఇప్పటి పాయింట్ల పద్ధతికి మారింది.

ఇందులో రెండు భాగాలు. ఒకటి సాంకేతిక స్కోరు. ప్రతి జంప్‌కు, స్పిన్‌కు, స్టెప్ సీక్వెన్స్‌కు ఒక మూల విలువ ఉంటుంది. దాని మీద జడ్జీలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా నాణ్యత మార్కు వేస్తారు. ఒక్కో మెట్టు మూల విలువలో 10 శాతం. పెద్ద పోటీల్లో తొమ్మిదిమంది జడ్జీలు ఉంటారు. అన్నిటికన్నా ఎక్కువ వేసిన మార్కునూ అన్నిటికన్నా తక్కువ వేసిన మార్కునూ తీసేసి మిగిలినవాటి సగటు తీసుకుంటారు. రెండోది కాంపొనెంట్స్ స్కోరు, అంటే ప్రోగ్రామ్ మొత్తం తీరుకు వేసేది. ఒకప్పుడు ఐదు అంశాలుండేవి, 2022-23 సీజన్ నుంచి మూడు చేశారు: కంపోజిషన్, ప్రెజెంటేషన్, స్కేటింగ్ స్కిల్స్.

ఇక పడటం లెక్క. 2022-23 పట్టిక ప్రకారం క్వాడ్ లట్జ్ (నాలుగు చుట్లది) మూల విలువ 11.5. చుట్లన్నీ పూర్తిచేసి పడితే మైనస్ 5 కింద సగం, అంటే 5.75 పోతుంది. పడినందుకు ఇంకో 1 కోత. చేతికి మిగిలేది 4.75. అదే ట్రిపుల్ లట్జ్ మూల విలువ 5.9, శుభ్రంగా దింపితే నాణ్యత మార్కులు అదనం. క్వాడ్ చేసి పడటం కన్నా ట్రిపుల్ శుభ్రంగా దింపడమే లాభం. ట్రిపుల్ యాక్సెల్‌ది కూడా ఇదే కథ: మూల విలువ 8.0, పడితే మిగిలేది 3.0. డబుల్ యాక్సెల్‌కు 3.3 ఉంది. మరి పడిన అమ్మాయి పైన ఎందుకు ఉందంటారా? మిగతా ప్రోగ్రామ్‌లో ఆమె సంపాదించినది ఎక్కువ ఉండొచ్చు. పడని అమ్మాయి జంప్‌లలో చుట్లు తక్కువై ఉండొచ్చు, అది టీవీలో మన కంటికి ఆనదు. టెక్నికల్ ప్యానెల్ వీడియోను నెమ్మదిగా తిప్పి చూస్తుంది. పావు చుట్టు దాటి తగ్గితే మూల విలువలోనే కోత పడుతుంది, అర చుట్టు తగ్గితే ఆ ట్రిపుల్‌ను డబుల్‌గానే లెక్కేస్తారు.

పోటీ అయ్యాక ప్రతి అంశానికీ పడిన మార్కులతో ప్రోటోకాల్ అనే పట్టిక బయటికి వస్తుంది. పతకం వచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టి, పిల్లతో కలిసి అది చదవండి. ఏ జంప్ పక్కన ఏ గుర్తు పడిందో చూస్తే వచ్చే మూడు నెలల పని అక్కడే రాసి ఉంటుంది.

సీనియర్స్‌కు వయసు 17 అని ఎందుకు పెట్టారు?

చాలాకాలం 15 నిండితే సీనియర్స్‌లో ఆడొచ్చు. ఐఎస్‌యూ 2022 జూన్‌లో ఓటింగ్ పెట్టి దాన్ని పెంచింది. 2023-24 సీజన్‌కు 16, 2024-25 నుంచి 17. సీజన్‌కు ముందు జూలై 1 నాటికి ఆ వయసు నిండి ఉండాలి. జూనియర్ అంతర్జాతీయ పోటీలకు 13 నిండాలి.

అంతకుముందు ఆటలో గెలుపు వయసు కిందికి జారిపోతూ వచ్చింది. తారా లిపిన్‌స్కీ 1998 నగానోలో 15 ఏళ్లకే ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. అలీనా జగితోవా 2018లో అదే వయసుకు గెలిచింది. ఇంకా వెనక్కి పోతే, నార్వే అమ్మాయి సోన్యా హెనీ 1924 షామొనీ ఒలింపిక్స్‌లో ఆడినప్పుడు ఆమెకు 11 ఏళ్లే. ఎనిమిది మందిలో ఎనిమిదో స్థానం వచ్చింది. తర్వాత 1928, 1932, 1936 స్వర్ణాలు ఆమెవే.

నిబంధన మార్పుకు ఊపు ఇచ్చింది మాత్రం 2022 బీజింగ్. రష్యాకు చెందిన 15 ఏళ్ల కమీలా వలియెవా 2021 డిసెంబర్ 25న ఇచ్చిన నమూనాలో ట్రైమెటాజిడిన్ అనే నిషిద్ధ మందు ఉన్నట్టు ఒలింపిక్స్ మధ్యలో బయటపడింది. ప్రపంచమంతా చూస్తుండగా ఆ పిల్ల ఫ్రీ స్కేట్‌లో (పోటీలో రెండోదైన పొడవాటి భాగం) పదేపదే పడి నాలుగో స్థానంలో ముగించింది. 2024 జనవరిలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆమెపై నాలుగేళ్ల నిషేధం ఖరారు చేసింది. చుట్టూ ఉన్న పెద్దల సంగతేమిటన్నది చాలామందికి మింగుడుపడని ప్రశ్న, నాకూ అంతే.

17 అనే అంకె వల్ల అన్నీ సర్దుకుంటాయని కాదు. జూనియర్స్‌లో పిల్లల్ని పిండేసే శిక్షణ అలాగే సాగొచ్చు. కానీ "ఎదగకముందే గెలిపించేసి పంపేద్దాం" అన్న లెక్కకు లాభం తగ్గింది.

ఎత్తు పెరగగానే జంప్‌లన్నీ పోయాయి. మళ్లీ వస్తాయా?

నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ దిగులుతో అడిగేది ఇదే.

ముందు ఏం జరుగుతుందో చూద్దాం. క్వాడ్‌కైనా ట్రిపుల్‌కైనా గాలిలో ఉండే సమయం సెకను కన్నా తక్కువే. ఆ కాస్త వ్యవధిలో మూడో నాలుగో చుట్లు తిరగాలంటే ఒంటిని సన్నగా, బిగువుగా ముడుచుకోవాలి. శరీరపు బరువు తిరిగే ఇరుసుకు ఎంత దగ్గరగా ఉంటే అంత వేగం. ఏడాదిలో ఆరేడు సెంటీమీటర్లు పెరిగిన పిల్లకు చేతులు పొడవవుతాయి, భుజాలూ నడుమూ వెడల్పవుతాయి. అదే బలంతో లేచినా తిరగడం నెమ్మదిస్తుంది. కండబలం ఎత్తుతో సమానంగా వెంటనే పెరగదు. పైగా తన ఒళ్లు గాలిలో ఎక్కడుందో మెదడు వేసుకునే అంచనా కూడా పాత కొలతలదే. కాలు పెరిగి బూట్లు మారతాయి. ఇన్నీ ఒకేసారి మారితే నిన్నటిదాకా కళ్లు మూసుకుని దింపిన ట్రిపుల్ ఫ్లిప్ ఇవాళ గోడకు తగలడంలో ఆశ్చర్యం లేదు.

మగపిల్లలకు ఈ దశలోనే కండ కూడా వస్తుంది కాబట్టి ఎక్కువమందికి ఏడాది, రెండేళ్లలో జంప్‌లు తిరిగొస్తాయి, పెద్దవవుతాయి కూడా. ఆడపిల్లలకు దారి కొంచెం పొడవు. అయినా దారి ఉంది. రష్యాకు చెందిన ఎలిజవేతా తుక్తమిషెవా చిన్నప్పుడే పేరు తెచ్చుకుని, ఎదిగే వయసులో వెనకబడి, 18 ఏళ్లకు ట్రిపుల్ యాక్సెల్‌తో 2015 ప్రపంచ ఛాంపియన్ అయింది. 24 ఏళ్లకు మళ్లీ ప్రపంచ పోటీల్లో రజతం గెలిచింది. జపాన్‌కు చెందిన కవోరి సకమోతో 2022, 2023, 2024లో వరుసగా మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. 1966-68లో పెగ్గీ ఫ్లెమింగ్ తర్వాత ఆమెదాకా మహిళల్లో ఎవరూ అలా గెలవలేదు. సకమోతో క్వాడ్‌లూ చేయలేదు, ట్రిపుల్ యాక్సెలూ చేయలేదు. ఆమె వేగం చూడండి. డబుల్ యాక్సెల్‌కు ముందు ఎంత జోరుగా వస్తుందో, దిగాక అంతే జోరుగా పోతుంది. జడ్జీలు ఆ జోరుకు మార్కులు వేస్తారు.

ఎదిగే ఏడాదిలో ఏం చేయాలి? జంప్‌ల సంఖ్య తగ్గించండి. ట్రిపుల్స్ వదిలి కొన్ని నెలలు డబుల్స్‌ను పొడవుగా, ఎత్తుగా చేయించే కోచ్‌ను నమ్మండి. స్పిన్‌లు, స్టెప్‌లు, ఎడ్జ్‌ల పని ఇప్పుడే పెంచుకోవాలి, ఎత్తు పెరగడం వాటికి అంతగా అడ్డు రాదు. పొడవాటి కాలు ఎడ్జ్ మీద అందంగా కూడా ఉంటుంది. నేల మీద బలం పెంచే వ్యాయామం ఆపొద్దు. పోటీలు ఒకటి రెండు వదులుకోవాల్సి వస్తే వదులుకోండి. పాత జంప్‌లు వెంటనే తిరిగి రావాలని రోజుకు అరవై సార్లు ప్రయత్నిస్తే అసలుకే ఎసరొస్తుంది.

బరువు తగ్గితే జంప్‌లు తేలికవుతాయని అంటున్నారు. నిజమేనా?

కొన్ని వారాలు అలా అనిపించవచ్చు. ఆ తర్వాత శరీరం లెక్క తేల్చుకుంటుంది. శిక్షణకు ఖర్చయ్యేంత శక్తి తిండిలో అందకపోతే నెలసరి తప్పుతుంది, ఎముక బలం తగ్గుతుంది, చిన్న చిన్న పగుళ్లు వస్తాయి, నిద్ర చెడుతుంది, ఏ పనీ చేయబుద్ధి కాదు. క్రీడా వైద్యులు దీన్ని రెడ్-ఎస్ అంటారు. ఇది మగపిల్లలకూ వస్తుంది. సోచి 2014లో 15 ఏళ్లకు టీమ్ స్వర్ణం గెలిచిన రష్యా అమ్మాయి యూలియా లిప్నిత్స్కాయా అనొరెక్సియాకు (తిండి మానేసే రుగ్మత) చికిత్స తీసుకుని 2017లో, 19 ఏళ్లకే ఆట వదిలేసింది.

అందరి ముందు పిల్లల్ని తూకం వేసే కోచ్ దగ్గర నుంచి మీ బిడ్డను తెచ్చేసుకోండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. నెలసరి మూడు నెలలు ఆగినా, అసలు పదిహేనేళ్లు నిండినా మొదలుకాకపోయినా వైద్యులకు చూపించాలి. "అథ్లెట్లకు అది మామూలే" అనే మాట వినకండి.

గాయాలు ఎలాంటివి వస్తాయి?

చీలమండ, మోకాలు, తుంటి, నడుము. ప్రతి జంప్ ఒకే కాలి మీద దిగుతుంది, ఒంటి బరువుకు కొన్ని రెట్ల భారం ఆ కాలే మోస్తుంది. నడుం వెనక్కి వంచే బీల్‌మాన్, లేబ్యాక్ లాంటి స్పిన్‌ల వల్ల వెన్ను దిగువ భాగం మీద ఒత్తిడి. ఒకసారి పడి తగిలే దెబ్బల కన్నా వేలసార్లు అదే పని చేయడం వల్ల వచ్చే నొప్పులు ప్రమాదం. పడినప్పటి నొప్పి రెండు రోజుల్లో తగ్గుతుంది. రాత్రి పడుకున్నా పోని నొప్పి, వేలు పెట్టి చూపించగల ఒకే చోట నొప్పి ఉంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ అనుమానించాలి.

జపాన్‌కు చెందిన యుజురు హన్యూ 2017 నవంబర్‌లో ప్రాక్టీస్‌లో చీలమండ దెబ్బతిని, మధ్యలో ఒక్క పోటీ ఆడకుండా 2018 ఫిబ్రవరిలో ఒలింపిక్ స్వర్ణం నిలబెట్టుకున్నాడు. ఆ కథ చెప్పి పిల్లల్ని గాయంతో ఐస్ ఎక్కించేవాళ్లున్నారు. అతను అప్పటికే ఒలింపిక్ ఛాంపియన్, 23 ఏళ్ల మనిషి. పద్నాలుగేళ్ల పిల్లకు అది కొలబద్ద కాదు.

బూట్లు ఎప్పుడు మార్చాలి?

పోటీకి ముందు వారంలో మాత్రం కాదు.

ట్రిపుల్స్ చేసే స్కేటర్ బూట్లు కొన్ని నెలల్లోనే చీలమండ దగ్గర మెత్తబడిపోతాయి. తోలు మడత పడ్డ చోట లోతైన గీత, దిగినప్పుడు కాలు పక్కకు ఒరగడం కనిపిస్తే ఇక మార్చాల్సిందే. కొత్త బూటు గట్టిగా ఉంటుంది. మొదట్లో పైన ఉన్న కొక్కేలకు లేసు వేయకుండా వదిలేసి, మోకాలు వంచి అటూ ఇటూ తిరిగి, తర్వాత ఒక్కో కొక్కెం ఎక్కించుకుంటూ పోతారు. పాదం పైభాగంలో లేసు మరీ బిగిస్తే అక్కడి నరం నొక్కుకుపోయి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. చీలమండ దగ్గర బిగువు, వేళ్ల దగ్గర వదులు ఉండాలి.

బ్లేడ్ వేరుగా వస్తుంది, బూటు అడుగున స్క్రూలతో బిగిస్తారు. దాన్ని ఒక మిల్లీమీటర్ పక్కకు జరిపినా స్కేటర్‌కు తెలిసిపోతుంది. సాన పట్టించడం 20 నుంచి 30 గంటల స్కేటింగ్‌కు ఒకసారి అనుకోండి. సాన పట్టేవాళ్లను మాటిమాటికీ మార్చకండి. రెండు ఎడ్జ్‌లూ సమాన ఎత్తులో లేకపోతే అమ్మాయి లట్జ్ పాడైందని మీరు అనుకుంటారు, పాడైంది బ్లేడ్.

పోటీ రోజు టెన్షన్‌తో అన్నీ మర్చిపోతుంది. ఏం చేయాలి?

ఆరు నిమిషాల వార్మప్‌ను సాధన చేయించండి. సింగిల్స్‌లో సాధారణంగా ఆరుగురు ఒకేసారి ఐస్ మీదికి వస్తారు. ఒకరు లట్జ్ కోసం మూల వైపు దూసుకొస్తుంటారు, ఇంకొకరు స్పిన్ చేస్తుంటారు, ప్రేక్షకులు అరుస్తుంటారు. ఏ నిమిషంలో ఏది చేయాలో ముందే అనుకోని పిల్ల ఆ గందరగోళంలో ఒక ట్రిపుల్‌కు నాలుగుసార్లు వెళ్లి, నాలుగుసార్లూ పడి, వణుకుతూ బయటికొస్తుంది. మొదటి నిమిషం వేగం, రెండో నిమిషం డబుల్ యాక్సెల్, పడితే ఒక్కసారి మాత్రమే మళ్లీ, చివరి నిమిషం ఊపిరి. ఇలాంటి పద్ధతి ఒకటి మామూలు రోజుల్లోనే అలవాటు చేయాలి. మొదట ఆడాల్సినవాళ్లు వార్మప్ అవగానే ఐస్ మీదే ఉండిపోతారు. చివర ఆడేవాళ్లు అరగంటకు పైగా ఆగాలి, ఈలోపు బూట్ల లేసులు విప్పి మళ్లీ కట్టుకోవడం కూడా ప్రణాళికలో ఉండాలి.

అమెరికాకు చెందిన నేథన్ చెన్ 2018 ఒలింపిక్స్ షార్ట్ ప్రోగ్రామ్‌లో (పోటీలో మొదటిదైన చిన్న భాగం) జంప్‌లన్నీ చెడగొట్టుకుని 17వ స్థానంలో పడ్డాడు. తర్వాతి రోజు ఫ్రీ స్కేట్‌లో ఆరు క్వాడ్‌లు చేసి ఆ భాగంలో మొదటివాడిగా నిలిచి, మొత్తం మీద ఐదో స్థానానికి ఎగబాకాడు. నాలుగేళ్ల తర్వాత స్వర్ణం గెలిచాడు. పిల్లలకు చూపించాల్సింది 2018 నాటి ఆ రెండు వీడియోలూ.

ప్రపంచ పోటీలకు ఎలా పంపిస్తారు?

ఎవరంతట వారు పేరు ఇవ్వలేరు, దేశ సమాఖ్యే పంపాలి. మామూలుగా జూనియర్ గ్రాండ్ ప్రి, జూనియర్ ప్రపంచ పోటీలు, ఛాలెంజర్ సిరీస్, గ్రాండ్ ప్రి, ఆ పైన ఛాంపియన్‌షిప్‌లు అనే వరుసలో ఎక్కుతారు. ఛాంపియన్‌షిప్‌లకు ముందే ఐఎస్‌యూ గుర్తించిన పోటీల్లో కనీస సాంకేతిక స్కోరు సాధించి ఉండాలి. ప్రపంచ పోటీల్లో ఒక్కో విభాగానికి ఒక దేశం నుంచి గరిష్ఠంగా ముగ్గురు. షార్ట్ ప్రోగ్రామ్‌లో మొదటి 24 మందే ఫ్రీ స్కేట్ చేస్తారు.

ఎన్ని బెర్తులన్నది ముందటి ఏడాది ఫలితాన్ని బట్టి ఉంటుంది. ఒక్కరే ఆడిన దేశానికి ఆ స్కేటర్ తొలి రెండు స్థానాల్లో వస్తే మూడు బెర్తులు, తొలి పదిలో వస్తే రెండు. ప్రపంచ పోటీల్లో పన్నెండో స్థానంలో ముగించిన స్కేటర్ కన్నీళ్లు పెట్టుకుంటే తన కోసమే కాకపోవచ్చు, వచ్చే ఏడాది సహచరి బెర్తు కూడా పోయి ఉంటుంది.

చదువు ఆపేయాలా?

ఆపొద్దు. 1956 ఒలింపిక్ ఛాంపియన్ టెన్లీ ఆల్‌బ్రైట్ సర్జన్ అయింది. డెబీ థామస్ స్టాన్‌ఫర్డ్‌లో చదువుతూనే 1986లో ప్రపంచ ఛాంపియన్. నేథన్ చెన్ యేల్‌లో చదువుతూ 2019లో ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఇంటి దగ్గర చదివించినా సరే, ఏదో ఒక రూపంలో సాగనివ్వండి. రింక్ బయట స్నేహితులు ఉన్న పిల్లలు ఒక చెడ్డ పోటీ తర్వాత త్వరగా కోలుకుంటారు.

కోచ్‌ను మార్చడం తప్పా?

తప్పు కాదు. కానీ ప్రతి ఓటమికీ మార్చేవాళ్లకు ఏ టెక్నిక్కూ అబ్బదు. కొత్త కోచ్ జంప్ ఆరంభం మార్చితే కుదురుకోవడానికి ఒక సీజన్ పడుతుంది. గాయాన్ని దాచమన్నా, తల్లిదండ్రుల్ని రింక్ దగ్గరికి రావొద్దన్నా, పిల్ల ఇంట్లో కోచ్ పేరెత్తగానే నీళ్లు నమిలినా ఆలోచించాల్సిన పనే లేదు, మార్చండి.

సింగిల్స్‌లో ముందుకు వెళ్లలేకపోతే?

పెయిర్స్, ఐస్ డాన్స్ ఉన్నాయి. ఐస్ డాన్స్‌లో ట్రిపుల్ జంప్‌లు ఉండవు. ఎడ్జ్‌లు, సంగీతం, జంట పొందిక చూస్తారు, అక్కడ ఇరవై ఐదు దాటినవాళ్లు రాజ్యమేలుతుంటారు. అసలు కష్టం సరైన భాగస్వామి దొరకడం. షోలు, కొరియోగ్రఫీ, కోచింగ్ సరేసరి. మాజీ స్కేటర్లు టెక్నికల్ స్పెషలిస్టులుగా మారి ఒకప్పుడు తమను బాధించిన పావు చుట్టు గుర్తులే ఇంకొకరికి వేస్తుంటారు.

పదహారేళ్లకే విసిగిపోయి మానేస్తానంటోంది. మానేస్తే మళ్లీ రాగలదా?

రాగలదు. అలీసా లియు 2019లో 13 ఏళ్లకే అమెరికా జాతీయ ఛాంపియన్. ఆ దేశపు చరిత్రలో మహిళల విభాగంలో అందరికన్నా చిన్నది. 2022లో ఒలింపిక్స్ ఆడి, ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచి, 16 ఏళ్లకు రిటైర్ అయింది. కాలేజీలో చేరింది. 2024లో తిరిగొస్తున్నానని చెప్పింది. 2025 మార్చిలో బోస్టన్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఆమెను ఎవరూ రింక్‌కు ఈడ్చలేదు, అదే పనిచేసిందని నా నమ్మకం.

మీ అమ్మాయి మానేస్తానంటే ముందు ఆమె దేన్ని మానాలనుకుంటోందో కనుక్కోండి. స్కేటింగ్‌నా, పోటీలనా, ఆ కోచ్‌నా, ఉదయం నాలుగు గంటల అలారాన్నా? కొన్నిసార్లు ఒక నెల సెలవు ఇస్తే సరిపోతుంది. నిజంగానే మానాలనుకుంటే మాననివ్వండి.

అంతర్జాతీయ స్థాయిలో డోపింగ్ పరీక్షల జాబితాలో పేరున్న స్కేటర్ అయితే ఒక జాగ్రత్త. రిటైర్మెంట్‌ను రాతపూర్వకంగా సమాఖ్యకు తెలపాలి, లేకపోతే ఎక్కడున్నారో చెప్పలేదన్న తప్పు మీద పడుతుంది. తిరిగి రావాలనుకుంటే పోటీకి ఆరు నెలల ముందే రాతపూర్వకంగా తెలిపి, ఆ ఆరు నెలలూ పరీక్షలకు అందుబాటులో ఉండాలి. సీజన్ మధ్యలో మనసు మారితే ఆ సీజన్‌కు ఆడటం కుదరకపోవచ్చు కాబట్టి తేదీలు లెక్కేసుకుని ఉత్తరం పంపండి.